నట్టింటిలో మిథ్యాప్రపంచం

అద్దంలో తన ముఖం చూచుకొన్న పసివాడు, ఆ రెండవవాడెవడో పట్టుకొందామని అద్దం వెనక్కు చేయి పోనిస్తాడు. అద్దం వెనుక ఎవరూ లేరు. అయినా కంటికి ఉన్నట్లే తోస్తుంది. ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలో దీనినే మిథ్యా ప్రతిబింబం అంటారు. దానిని తెరమీద పట్టడానికి వీలులేదు. కాని కన్ను దానిని కాదనలేదు. ఈ సూత్రాన్నే ఆధారం చేసికొని, ఒక గదిలో నిలుచున్న మనిషికి మరొక చోటును చుట్టూ చూపించే సాధనం వర్చువల్ రియాలిటీ కంప్యూటరు. తలకు తగిలించుకొనే పెట్టె, చేతులలో పట్టుకొనే రెండు పిడులు, వాటిని నడిపించే కంప్యూటరు — ఈ మూడూ దాని అంగాలు.

ఇటువంటి సాధనాన్ని ఒక సామాన్య కుటుంబం తమ ఇంటి హాలులో అమర్చుకోవాలంటే ఏమేమి తెలిసియుండవలె? తడను ఉదాహరణగా తీసికొని చూడవచ్చును. తడ చెన్నైకి పోయే జాతీయ రహదారి మీద, ఆంధ్ర తమిళ సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఊరు. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. దానికి తూర్పున పులికాటు సరస్సు, సరస్సు నడుమ ఇరకం దీవి ఉన్నవి. సరస్సుకు ఆవల శ్రీహరికోట. చంద్రయాన్-3 వ్యోమనౌక 2023 జూలై 14న అక్కడినుంచే బయలుదేరింది. పడమటి వైపున శ్రీసిటీ. 2015లో అక్కడ చేతిఫోనుల కూర్పు మొదలైనది. పడవ ఎక్కలేని వయస్సు వచ్చిన అవ్వకు ఇంటిలోనే కూర్చుండబెట్టి ఇరకం దీవిని చూపవచ్చునా? పాఠశాల విద్యార్థి రాకెట్టు ప్రక్కన నిలుచున్నట్లు అనుభవం పొందవచ్చునా? పొందవచ్చును. కాని అమరికలో పొరపాటు జరిగితే డబ్బు వృథా కావడమే కాక, కండ్లకు, కాలుసేతులకు కూడ కీడు కలుగవచ్చును. అందుచేత కొనేముందు దాని కీలకం తెలిసికొనడం మంచిది.

రెండు కన్నుల లెక్క

విద్యార్థులు ఇప్పుడే ఒక చిన్న ప్రయోగం చేయవచ్చును. బొటనవేలిని ముఖానికి జానెడు దూరంలో నిలిపి, ఒక కన్ను మూసి చూడవలె. తరువాత ఆ కన్ను తెరచి రెండవది మూయవలె. వేలు గోడమీద ఒక ప్రక్కనుంచి మరొక ప్రక్కకు దుమికినట్లు కనిపిస్తుంది. రెండు కండ్లు రెండు వేరు చోట్లనుంచి చూడడమే దీనికి కారణం. పెద్దవారిలో రెండు కనుపాపల నడిమి దూరం సగటున 63 మిల్లీమీటర్లు. ఒక మీటరు దూరంలో ఉన్న వస్తువువద్ద ఈ దూరం సుమారు 3.6 డిగ్రీల కోణం చేస్తుంది. పది మీటర్ల దూరంలో ఆ కోణం 0.36 డిగ్రీలు, నూరు మీటర్ల దూరంలో 0.036 డిగ్రీలు మాత్రమే. మెదడు ఈ తేడాలను కొలిచి దగ్గర, దూరం తేల్చుకొంటుంది.

అందుకే చేతిలోని చెంబు గుండ్రదనం రెండు కండ్లకు బాగా తెలుస్తుంది. సరస్సులో అర కిలోమీటరు దూరాన నిలిచిన ఫ్లెమింగో పక్షుల గుంపు మాత్రం రెండు కండ్లకూ దాదాపు ఒకే చిత్రం. దాని దూరాన్ని మెదడు ఇతర గుర్తులవలన ఊహిస్తుంది: పక్షుల పరిమాణం, మంచులో మసకబారిన రంగు, మనం నడిచినప్పుడు దగ్గరి చెట్లు వేగంగాను దూరపు కొండలు మెల్లగాను జరగడం మొదలగునవి.

ఒకే వస్తువుకు రెండు చిత్రాలు గీసి, కుడికంటికి ఒకటి ఎడమకంటికి ఒకటి చూపితే లోతు కనిపిస్తుందని ఛార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1838లో ప్రకటించాడు. ఆయన అద్దాలతో చేసిన సాధనం పేరు స్టీరియోస్కోపు. డేవిడ్ బ్రూస్టర్ 1849లో కటకాలతో దానిని చిన్నది చేశాడు. అయితే ఆ బొమ్మ కదలదు. తల ప్రక్కకు తిప్పితే పెట్టెగోడ తప్ప మరేమీ కనిపించదు. ఈ లోపం తీర్చినవాడు ఐవాన్ సదర్లాండ్. ఆయన 1968లో అమెరికాలో తయారుచేసిన సాధనం తల కదలికను కొలిచి, దానికి తగినట్లు గీతల బొమ్మను మార్చేది. అది ఎంత బరువంటే పైకప్పుకు వ్రేలాడదీసి వాడవలసివచ్చినది. వర్చువల్ రియాలిటీ అన్న మాటను 1980ల దశకంలో జారన్ లానియర్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇంటివారు కొనగలిగిన ఓక్యులస్ రిఫ్ట్, హెచ్.టి.సి. వైవ్ పెట్టెలు బజారులోకి వచ్చినది 2016లోనే.

సూత్రం దొరికిన తరువాత ఇల్లు చేరడానికి ఇన్ని యేండ్లు ఎందుకు పట్టినది? చిన్న తెర, కదలికను కొలిచే చిన్న గైరోస్కోపు, త్వరణమాపకం — ఇవి చౌకగా దొరకలేదు. చేతిఫోనులు కోట్ల సంఖ్యలో తయారు కావడం మొదలైన తరువాత ఈ మూడింటి వెల పడిపోయినది. శ్రీసిటీలో కూర్చినటువంటి ఫోనులలో ఉండే ముక్కల జాతివే తలపెట్టెలోనూ ఉన్నవి.

కటకం చేసే పని

తలపెట్టెలోని తెర కంటికి అయిదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అంత దగ్గరి వస్తువును కన్ను స్పష్టంగా చూడలేదు. అందుకోసం నడుమ కుంభాకార కటకం పెడతారు. కటకపు నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు, తెర దూరం 48 మిల్లీమీటర్లు అనుకొందాము. వస్తువు నాభ్యంతరం లోపల ఉన్నది కాబట్టి మిథ్యా ప్రతిబింబం ఏర్పడుతుంది. కటక సూత్రం ప్రకారం లెక్కవేస్తే ఆ ప్రతిబింబం 1,200 మిల్లీమీటర్ల దూరంలో, 25 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. అనగా ముక్కుమీద ఉన్న తెర ఒక మీటరుకు పైగా దూరాన ఉన్న పెద్ద గోడవలె తోస్తుంది.

ఈ లెక్కనుంచి రెండు విషయాలు తేలుతున్నవి. మొదటిది: తెరమీది చుక్కలు కూడ అదేవిధంగా పెద్దవి అవుతాయి. 2016 నాటి పెట్టెలలో ఒక్కొక్క కంటికి అడ్డంగా 1,080 చుక్కలు ఉండేవి. అవి సుమారు నూరు డిగ్రీల మేర పరచుకొంటే డిగ్రీకి పదకొండు చుక్కలు వస్తాయి. ఆరోగ్యమైన కన్ను డిగ్రీకి అరవై చుక్కలను విడదీసి చూడగలదు. ఆ పెట్టెలలో సన్నని అక్షరాలు చదవలేకపోవడానికి కారణం ఇదే. 2023లో వచ్చిన మెటా క్వెస్ట్ 3లో ఒక్కొక్క కంటికి అడ్డంగా 2,064 చుక్కలు ఉన్నవి. స్పష్టత దాదాపు రెండింతలు పెరిగినా కంటి శక్తిని ఇంకా అందుకోలేదు. రెండవ విషయం: తెర దాదాపు కటక నాభివద్దనే ఉన్నది. కటకాలను సూర్యునివైపు త్రిప్పి పెట్టెను కిటికీలో ఉంచితే, భూతద్దం కాగితాన్ని కాల్చినట్లు ఎండ తెరను కాల్చివేస్తుంది. కొద్ది నిమిషాలు చాలు, మచ్చ శాశ్వతంగా నిలుస్తుంది.

తల త్రిప్పితే లోకం నిలువవలె

నిజలోకంలో తల కుడికి త్రిప్పితే చెట్టు ఎడమకు జరిగినట్లు కనిపిస్తుంది. అయినా చెట్టు కదలలేదని మనకు తెలుసు. తలపెట్టెలోని లోకం కూడ అట్లే ఉండవలెనంటే, తల ఎంత తిరిగినదో కొలిచి అంతే మేరకు చిత్రాన్ని వెనుకకు త్రిప్పవలె. ఆలస్యం పనికిరాదు. సెకనుకు నూరు డిగ్రీల వేగంతో తల త్రిప్పుతున్నవానికి ఒక సెకనులో యాభయ్యవ వంతు ఆలస్యమైతే చిత్రం రెండు డిగ్రీలు వెనుకబడుతుంది. రెండు డిగ్రీలు అంటే చాచిన చేతి బొటనవేలి వెడల్పు. అంత తేడాను మించితే లోకం ఈదులాడుతున్నట్లు తోచి కడుపులో త్రిప్పుతుంది.

ఈ వేగంకోసమే బలమైన కంప్యూటరు కావలసివచ్చినది. 2016 నాటి పెట్టెలలో రెండు కండ్లకు కలిపి 2,160 అడ్డు, 1,200 నిలువు చుక్కలు. సెకనుకు 90 చిత్రాలు. గుణిస్తే సెకనుకు 23 కోట్ల 32 లక్షల 80 వేల చుక్కలు. ఒక్కొక్క చిత్రానికి దొరికే వ్యవధి సెకనులో తొంబయ్యవ వంతు మాత్రమే. సినిమాకు సెకనుకు 24 చిత్రాలు చాలును. అక్కడ ప్రేక్షకుని తలకూ చిత్రానికీ సంబంధం లేదు కనుక.

గైరోస్కోపు తల తిరుగుడును చురుకుగా కొలుస్తుంది కాని, చిన్న చిన్న తప్పులను కూడబెట్టుకొంటూ పోతుంది. ఆ తప్పు దిద్దడానికి రెండు పద్ధతులు ఉన్నవి. గది మూలలలో రెండు పరారుణ దీపపు పెట్టెలు బిగించడం ఒకటి. వైవ్‌లో ఈ పద్ధతినే అనుసరించారు. తలపెట్టెకే చిన్న కెమెరాలు అమర్చి, గోడలమీది గుర్తులను చూచి తానున్న చోటు తెలిసికొనడం రెండవది. 2019లో వచ్చిన ఓక్యులస్ క్వెస్ట్ రెండవ పద్ధతిది.

ఏ ఇంటికి ఏ యంత్రం

మూడు మార్గాలు ఉన్నవి. అట్టపెట్టెలో ఫోనును పెట్టి చూడడం మొదటిది. గూగుల్ సంస్థ 2014లో ఈ అట్టపెట్టె నమూనాను అందరికీ ఇచ్చినది. 2021లో దానిని అమ్మడం మానినా, నమూనా ప్రకారం విద్యార్థులే తయారు చేసికోవచ్చును. ఇందులో తల త్రిప్పి చూడవచ్చును కాని, అడుగు ముందుకు వేస్తే దృశ్యం దగ్గరకు రాదు. రెండవది, కంప్యూటరు కూడ లోపలే ఇమిడియున్న తలపెట్టె. మూడవది, విడిగా ఉన్న కంప్యూటరుకు కలిపే తలపెట్టె. చిత్రాల నాణ్యం ఇందులో ఎక్కువ. వెల, శ్రమ కూడ ఎక్కువే.

ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు చాలునా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఓక్యులస్ సంస్థ 2016లో సిఫారసు చేసిన మేర ఇది: ఎన్‌విడియా జి.టి.ఎక్స్. 970 తరగతి గ్రాఫిక్సు కార్డు, ఇంటెల్ ఐ5 తరగతి ప్రాసెసరు, 8 గిగాబైట్ల జ్ఞాపకశక్తి. విడి గ్రాఫిక్సు కార్డు లేని సామాన్యపు ఆఫీసు కంప్యూటరు ఈ పనికి చాలదు. కార్డు ఉన్నవారు కూడ తరచు చేసే పొరపాటు ఒకటున్నది. తలపెట్టె తీగను కార్డుమీది రంధ్రంలో గాక, వెనుకప్రక్క మదర్‌బోర్డుమీది రంధ్రంలో గ్రుచ్చుతారు. అప్పుడు ఖరీదైన కార్డు ఊరకే కూర్చుంటుంది. చిత్రం అసలే రాకపోవచ్చును.

గదిని సిద్ధం చేయుట

ముందు టేపుతో గదిని కొలవవలె. కూర్చుండి చూచేందుకు కుర్చీ పట్టినంత చోటు చాలును. నడిచి తిరగడానికి 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు తక్కువలో తక్కువ కావలె. ఆ మేరలో బల్లలు, నీళ్ళబిందె, పిల్లల ఆటవస్తువులు ఉండరాదు.

తరువాత పైకి చూడవలె. మన ఇండ్లలో హాలు నడుమ పంకా ఉంటుంది. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి చేయి పైకెత్తితే వేళ్ళు సుమారు రెండుంబాతిక మీటర్ల ఎత్తుకు చేరుతాయి. చేతిలో పిడి, దానికి తోడు ఒక చిన్న గెంతు చేరితే పంకా రెక్క దూరం కాదు. ఆటస్థలాన్ని పంకాకు ప్రక్కగా జరపడం ఉత్తమం. వీలుకానిచో ఆడేంతసేపు దానిని ఆపి, గోడవైపునుంచి బల్లపంకా పెట్టుకోవలె. బల్లపంకావలన మరొక లాభం ఉన్నది: ముఖానికి తగిలే గాలి ఏ వైపున ఉన్నామో తెలుపుతుంది.

దిక్కు తెలిసికొనేందుకు ఇంకొక సులభమైన ఉపాయం చాప. ఆటస్థలం నడుమ చిన్న చాప జారకుండా పరిస్తే, కండ్లు మూతపడినవాడు కూడ అరికాలి స్పర్శతో నడుమ ఉన్నదీ లేనిదీ గ్రహిస్తాడు. పాదం చల్లని నేలను తాకినదంటే గోడ దగ్గరపడుతున్నదని అర్థం. యంత్రం గీసే హద్దుగీత ఎట్లాగూ ఉంటుంది; చాప దానికి తోడు.

కెమెరాలు గల తలపెట్టెకు వెలుతురు కావలె. బోసిగా ఉన్న తెల్లగోడ దానికి పనికిరాదు. గుర్తు పట్టడానికి అందులో ఏమీ లేదు. గోడమీది క్యాలెండరు, తలుపు చట్రం, అలమార ఉన్న గదిలో అది చక్కగా పనిచేస్తుంది. పెద్ద నిలువుటద్దం మాత్రం ఉండరాదు. అద్దంలోని గదిని అది రెండవ గదిగా భ్రమిస్తుంది. పరారుణ దీపాల పద్ధతికి కూడ అద్దం శత్రువే. ఉన్నచోట గుడ్డ కప్పవలె.

విద్యుత్తు సంగతి మరువరాదు. మూడు కాళ్ళ ప్లగ్గు, సరియైన ఎర్త్ తప్పనిసరి. ఇంట్లో ఉన్న 600 వి.ఎ. యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్లకు మించి మోయలేదు. గ్రాఫిక్సు కంప్యూటరు పనిలో ఉన్నప్పుడు అంతకంటె ఎక్కువ లాగవచ్చును. కరెంటు పోయిన క్షణంలో తలపెట్టె చీకటి అవుతుంది. అప్పుడు అడుగు కదపకుండా నిలిచి, పెట్టె తీయవలెనని ఇంటిలో అందరికీ ముందే చెప్పియుంచవలె.

సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి లోహాన్ని తింటుంది, తేమ కటకాలమీద బూజు పట్టిస్తుంది. వాడనప్పుడు తలపెట్టెను మూతగల డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచవలె. తేమ తగిలిన వస్తువును ఎండలో పెట్టడం మన అలవాటు; దీని విషయంలో ఆ అలవాటే ప్రమాదకరం. కారణం పైన కటకపు లెక్కలో చెప్పబడినది.

ఇంటిల్లిపాదికి సులువుగా

యంత్రం ఎంత మంచిదైనా ఒక్క కుర్రవాడు తప్ప ఎవరూ తెరవలేకపోతే అది కుటుంబపు సాధనం కాదు. అందుకు కొన్ని ఏర్పాట్లు చేయవలె. మీట నొక్కగానే కంప్యూటరు తిన్నగా వర్చువల్ రియాలిటీ కార్యక్రమంలోకి పోయేట్లు అమర్చవచ్చును. కొత్త సాఫ్ట్‌వేరు దించుకొనే పనిని రాత్రివేళకు నియమిస్తే, చుట్టాలు వచ్చిన సమయంలో గంటసేపు కాచుకొనే బాధ తప్పుతుంది. పిడులను ఛార్జింగులో పెట్టే చోటు ఒక్కటే ఉండవలె. అందరికీ సరిపడే నాలుగైదు దృశ్యాలను మాత్రమే మొదటి పుటలో ఉంచవలె.

అన్నిటికంటె ముఖ్యం, తలపెట్టెలోని దృశ్యం టి.వి. మీద కూడ కనిపించేట్లు చేయడం. అప్పుడు చూచేవారు ఒకరు, ఆనందించేవారు పదిమంది అవుతారు. అవ్వ ఏమి చూస్తున్నదో మనుమరాలికి తెలుస్తుంది కనుక, “కుడివైపు చూడు అవ్వా, పడవ వస్తున్నది” అని దారి చూపగలుగుతుంది. పెట్టె పెట్టుకొన్నవారిని ముందుగా మాట్లాడించకుండా ముట్టుకోరాదు. వారు గదిలో లేనట్లే లెక్క.

తలపెట్టెను ఒకరినుంచి మరొకరు తీసికొన్నప్పుడు కటకాల నడిమి దూరాన్ని సరిచేయడం మరువరాదు. తండ్రికి 66 మిల్లీమీటర్లు సరిపోతే కూతురికి 58 కావచ్చును. ఇది సరిగా లేనప్పుడు చిత్రం మసకబారి తలనొప్పి వస్తుంది. ముఖానికి తగిలే మెత్తను ప్రతిసారి తుడవవలె.

కండ్లు, కడుపు, పిల్లలు

లోపలి చెవిలో అర్ధవర్తుల కుల్యలు ఉన్నవి. అవి తల కదలికను మెదడుకు తెలుపుతాయి. తలపెట్టెలో రాకెట్టు ఎగురుతున్నదని కన్ను చెబుతుంది. శరీరం కుర్చీలోనే ఉన్నదని చెవి చెబుతుంది. ఈ వైరుధ్యం వలననే వికారం పుడుతుంది. సరస్సులో పడవ గదిలో కూర్చున్నవానికి దీనికి తలక్రిందులుగా, చెవికి ఊగు తెలిసి కంటికి తెలియక, అదే వికారం వస్తుంది. క్రొత్తవారికి ముందు నిలిచి చూచే దృశ్యాలే చూపవలె, అదీ అయిదు పది నిమిషాలు. వికారం మొదలైతే వెంటనే ఆపవలె. పంటి బిగువున ఓర్చుకొంటే అలవాటు కావడానికి బదులు పెరుగుతుంది.

మరొక చిక్కు ఉన్నది. దృశ్యంలోని సీతాకోకచిలుక ముక్కు దగ్గరకు వస్తే రెండు కండ్లు లోపలికి తిరుగుతాయి. కాని ప్రతిబింబం మీటరు దూరంలోనే ఉన్నది కనుక కంటి కటకం దూరానికే సర్దుకొనియుండవలె. నిజలోకంలో కలిసి నడిచే ఈ రెండు పనులు ఇక్కడ విడిపోతాయి. అందువలన కండ్లు అలసిపోతాయి. అరగంటకు ఒకసారి పెట్టె తీసి కిటికీ బయట దూరపు చెట్టును చూడడం మంచిది. చిన్నపిల్లల చూపు ఇంకా రూపు దిద్దుకొంటున్నది కాబట్టి తయారీదారులే వయోనియమం పెట్టారు. మెటా సంస్థ ఆ వయస్సును 13 ఏండ్లుగా ఉంచి, 2023లో తల్లిదండ్రుల అదుపుగల ఖాతాతో 10 ఏండ్లకు తగ్గించినది. మూర్ఛవ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

ఉపాధ్యాయులు చేయదగిన పని

నట్టింట పులికాటును చూపవలెనంటే ఎవరో ఒకరు పులికాటుకు పోయి చిత్రం తీయవలె. చుట్టూ 360 డిగ్రీలు పట్టే కెమెరాతో ఒక్కచోటనుంచి తీసిన చిత్రంలో తల త్రిప్పి చూడవచ్చును. ప్రక్కకు వంగి గట్టు వెనుక ఏమున్నదో చూడలేము, ఆ సమాచారం చిత్రంలో లేదు కనుక. అయినా దాని ప్రయోజనం తక్కువ కాదు. పులికాటు మనదేశంలో చిలక తరువాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు. వానలనుబట్టి, సముద్రపు ముఖద్వారాలు పూడడాన్నిబట్టి దాని నీరు ఏటేటా మారుతుంది. ఒక పాఠశాల ప్రతి సంవత్సరం అదే నెలలో, అదే గట్టుమీద, అదే ఎత్తున కెమెరా నిలిపి ఒక చిత్రం తీసి ఉంచినదనుకొందాము. పదేండ్లకు విద్యార్థి ఆ గట్టుమీద నిలిచి, మీట నొక్కుతూ, నీటి అంచు ఎంత జరిగినదో, పక్షులు ఎక్కడ దిగినవో స్వయంగా చూడగలుగుతాడు.

అటువంటి చిత్రమాలకు ఖరీదైన కంప్యూటరు అవసరం లేదు. అట్టపెట్టె, ఒక ఫోను చాలును. చలికాలంలో ఫ్లెమింగోలు దిగినప్పుడు విద్యార్థులను సరస్సుకు తీసికొనిపోయి, కండ్లతో చూపించి, ఆ తరువాత తీసిన మొదటి చిత్రం ఆ మాలకు ఆరంభం కాగలదు.